ఒకే గుద్దు, రెండు మెడలు: క్రాష్ టెస్టు డమ్మీ మెడ ఏం కొలుస్తుంది, ఏం కొలవదు

ప్రశ్న, జయపురం నుంచి: రెండు నెలల కిందట సాలూరు మీదుగా ఇంటికి వస్తూ సుంకి ఘాట్‌లో లారీల వెనక ఆగి ఉన్నాం. లోడుతో వస్తున్న పికప్ వెనకనుంచి మా కారును గుద్దింది. బంపరు కాస్త లోపలికి పోయింది, అంతే. డిక్కీ మామూలుగానే తెరుచుకుంటోంది. ఎయిర్‌బ్యాగులు తెరుచుకోలేదు. నడుపుతున్న బావకు నాలుగు రోజులు మెడ పట్టేసి తగ్గిపోయింది. పక్క సీట్లో ఉన్న అక్క ఆ క్షణంలో వెనక్కి తిరిగి పాపకు నీళ్ళ సీసా అందిస్తోంది. తనకు ఇప్పటికీ మెడనొప్పి, తలనొప్పి తగ్గలేదు. బండి చూడడానికి వచ్చిన సర్వేయరు, ‘ఇంత చిన్న డెంటుకు మెడకు దెబ్బ తగలదు, పైగా ఇది ఐదు స్టార్ల బండి, ఒకే బండిలో ఆయనకు తగ్గి ఆవిడకు తగ్గకపోవడమేమిటి’ అన్నాడు. క్రాష్ టెస్టుల్లో బొమ్మల మెడ కూడా కొలుస్తారంటారు కదా. ఆ లెక్కన మనిషి మెడ ఎంతవరకు తట్టుకుంటుంది?

సమాధానం:

నాది పర్లాకిమిడి. పంతొమ్మిదేళ్ళు ఒక టెస్టు ల్యాబులో డమ్మీల దగ్గరే పనిచేశాను. వాటి మెడలు విప్పడం, బిగించడం, సరిచూడడం, టెస్టయ్యాక గ్రాఫులు చదవడం నా పని. ఇప్పుడు బరంపురంలో ఉంటున్నాను. మీ అక్క నొప్పిని కాదనడానికి ఆ సర్వేయరు చెప్పిన మూడు మాటల్లో ఒక్కటీ పనికిరాదు. ఈ ఒక్క సంగతి మీ ఇంట్లో అందరికీ తెలియాలని ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

మన ఊళ్ళల్లో నెత్తిన నీళ్ళ బిందె పెట్టుకుని నడిచే మనిషిని వెనకనుంచి ఎవరైనా నడుం దగ్గర తోశారనుకోండి. మనిషి ముందుకు పోతుంది, బిందె వెనక్కి పడుతుంది. నిజానికి బిందెను ఎవరూ వెనక్కి నెట్టలేదు. అది ఉన్నచోటే ఉండిపోయింది, కింద ఉన్న మనిషి జరిగిపోయింది. వెనకనుంచి బండి గుద్దినప్పుడు మీ అక్కకు జరిగింది ఇదే. సీటు వీపును ముందుకు తోసింది, నాలుగున్నర కిలోల తల ఉన్నచోటే ఆగిపోయింది. ఆ రెండింటి మధ్య ఉన్నది మెడ ఒక్కటే.

ఇక డెంటు సంగతి. లోడుతో పికప్ రెండున్నర టన్నులు, మీ కారు ఒక టన్ను అనుకుందాం. పికప్ గంటకు 15 కిలోమీటర్ల వేగంతోనే తగిలిందనుకున్నా, ఆగి ఉన్న మీ కారు దాంతో కలిసి దాదాపు 10.7 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. బంపర్లు కొంచెం స్ప్రింగులా తన్నుతాయి కాబట్టి నిజంగా అందేది ఇంకాస్త ఎక్కువే. ఆ వేగమంతా సెకనులో పదో వంతులో వచ్చిందంటే సగటున మూడు జీల తోపు, అంటే మన బరువుకు మూడు రెట్లు. రేకు బాగా నలిగితే దెబ్బలో కొంత ఆ రేకే తినేస్తుంది. నలగకపోతే తోపు నేరుగా సీటు దాకా వస్తుంది. డెంటు చూస్తే ఇనుము ఎంత తిన్నదో తెలుస్తుంది, మెడ ఎంత తిన్నదో తెలియదు. యూరప్‌లో కార్లకు స్టార్లిచ్చే యూరో ఎన్‌క్యాప్ 2008లో సీట్లకు వెనక గుద్దు పరీక్ష మొదలుపెట్టినప్పుడు, బండికి వచ్చే వేగం మార్పు గంటకు సుమారు 16, 24 కిలోమీటర్లు ఉండేలా పెట్టింది. మెడ బెణుకు ఇలాంటి చిన్న వేగాల్లోనే ఎక్కువగా వస్తుందని తెలిసే అలా పెట్టారు. మీ అక్కకు తగిలిన దెబ్బ ఆ 16కు ఎంతో దూరంలో లేదు.

ఐదు స్టార్ల మాటకు కొంచెం నింపాదిగా జవాబు చెప్పాలి.

మన దేశంలో స్టార్లిచ్చే భారత్ ఎన్‌క్యాప్ 2023 అక్టోబరు 1న అమల్లోకి వచ్చింది. ఆ పద్ధతిలో కారును గంటకు 64 కిలోమీటర్ల వేగంతో, ముందు భాగంలో 40 శాతం మాత్రమే తగిలేలా, నలిగే దిమ్మకు గుద్దిస్తారు. పక్కనుంచి గంటకు 50 కిలోమీటర్ల వేగంతో మరో గుద్దు, 29 కిలోమీటర్లతో స్తంభం గుద్దు ఉంటాయి. వెనకనుంచి గుద్దినప్పుడు సీటు మెడను ఎలా కాపాడుతుందో చూసే పరీక్ష అందులో లేదు. ముందు గుద్దులో మెడను కొలుస్తారు, బాగానే కొలుస్తారు. కానీ ముందు గుద్దులో మెడకు పట్టే గతి వేరు. బెల్టు ఛాతీని పట్టేస్తుంది, తల ముందుకు లాగుతుంది, మెడ సాగుతుంది, వంగుతుంది. ఆ సాగుడికి తయారైన మెడను చూపించి వెనక గుద్దు సంగతి చెప్పమంటే అదేం చెబుతుంది?

ఆ ముందు సీట్లలో కూర్చునే డమ్మీ పేరు హైబ్రిడ్ త్రీ. జనరల్ మోటార్స్ 1976లో తెచ్చింది. సగటు అమెరికా మగవాడి కొలతలు, 78 కిలోల బరువు. దాని మెడను బల్ల మీద పెడితే నల్లటి రబ్బరు దిమ్మలా ఉంటుంది. రబ్బరు మధ్య మధ్య అల్యూమినియం బిళ్ళలు అతికి ఉంటాయి. నడిమధ్య ఒక ఉక్కు తీగ, చివర నట్టు. ముందువైపు రబ్బరుకు అడ్డంగా కోతలుంటాయి. కొత్తగా చేరిన కుర్రాళ్ళు ఆ కోతలు చూసి మెడ చీలిపోయిందని కంగారుపడి నా దగ్గరకు తెచ్చేవారు. అవి కావాలని పెట్టినవి. మెడను వెనక్కి వంచితే కోతలు నోరు తెరుస్తాయి, మెడ తేలిగ్గా వంగుతుంది. ముందుకు వంచితే మూసుకుపోయి ఒకదానికొకటి ఆనుకుంటాయి, మెడ బిగుస్తుంది. మన మెడ కూడా ముందుకు వంగేటప్పుడు చాలా ఓర్చుకుంటుంది, వెనక్కి విరిగేటప్పుడు తొందరగా లొంగిపోతుంది. ఆ తేడాను రబ్బరులో పట్టుకోవడానికే ఆ కోతలు.

రబ్బరు కాబట్టి ఎండకు మెత్తబడుతుంది, చలికి బిగుస్తుంది. అందుకని డమ్మీ ఉండే గదిని 20.6 నుంచి 22.2 డిగ్రీల మధ్యే ఉంచాలి. వేసవిలో కరెంటు పోయి ఏసీ ఆగితే మళ్ళీ గంటల తరబడి చల్లబరిచి గాని టెస్టుకు దింపేవాళ్ళం కాదు. మెడను సరిచూసే పద్ధతి ఇది: తలనూ మెడనూ కలిపి ఒక పెద్ద లోలకం చివర తలకిందులుగా బిగిస్తారు. పైకెత్తి వదిలితే, కిందికి వచ్చేసరికి సెకనుకు 7 మీటర్ల వేగం అందుకుని, తేనెపట్టులాంటి అల్యూమినియం దిమ్మను నలిపి టక్కున ఆగుతుంది. తల మాత్రం ఆగదు, ఊగుతుంది. ఎంత ఊగింది, ఎంత మెలి పడింది, ఎన్ని మిల్లీసెకన్లకు వెనక్కి వచ్చింది అన్నీ గీతల మధ్యే ఉండాలి. వెనక్కి వంచే పరీక్ష ఇంకాస్త తక్కువ వేగంతో, సెకనుకు 6 మీటర్లతో చేస్తాం. లోలకం ఆగినప్పుడు వచ్చే ఆ ‘ధబ్’ చప్పుడు వినగానే ఈ మెడ నిలబడుతుందో లేదో నాకు సగం తెలిసిపోయేది.

మెడ పైచివర, తల కూర్చునే చోట, బలాన్ని కొలిచే, అరచేతిలో ఇమిడే ఒక లోడ్ సెల్ ఉంటుంది. ఆరు సంగతులు చెబుతుంది: ముందూ వెనకా, పక్కలకు, పైకీ కిందికీ పడే బలాలు మూడు, ఆ మూడు దిక్కుల చుట్టూ మెలిపెట్టే తిప్పుడు మూడు. సెకనుకు పది వేల సార్లకు తగ్గకుండా రాసుకుంటుంది. ఇక్కడ ఒక చిన్న కొలత ఉంది, అందులో చాలామంది పొరబడతారు. లోడ్ సెల్ కూర్చున్న చోటికీ, పుర్రె నిజంగా మెడ మీద ఆనే కీలుకీ మధ్య 17.78 మిల్లీమీటర్ల ఎడం. మనకు కావలసింది కీలు దగ్గర తిప్పుడు కాబట్టి, అడ్డంగా పడిన బలాన్ని ఆ ఎడంతో గుణించి తీసేయాలి. అడ్డబలం 1000 న్యూటన్లుంటే తేడా దాదాపు 18 న్యూటన్ మీటర్లు. వెనక్కి వంగడానికి నిబంధన ఇచ్చిన హద్దే 57 అయినప్పుడు 18 అంటే మూడో వంతుకు దగ్గర. నేను చేరిన రెండో ఏడు ఆ దిద్దుబాటు చేయకుండా ఒక రిపోర్టు తయారుచేశాను. మా పెద్దాయన సంతకం పెట్టే ముందు పట్టుకుని, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని కాగితం మీద మళ్ళీ మొదటినుంచి చేయించారు. ఆ తర్వాత మెడ గ్రాఫు చేతికొస్తే నేను మొదట అడిగేది, ఇది సెల్ దగ్గరి లెక్కా, కీలు దగ్గరి లెక్కా అని.

మీరు అడిగిన ‘ఎంతవరకు తట్టుకుంటుంది’ అన్నదానికి అంకెలు ఇవి. మన దేశంలో ముందు గుద్దుకు ఏఐఎస్-098 అనే ప్రమాణం ఉంది, యూరప్ నిబంధన ఆధారంగా చేసినది. దాని ప్రకారం గంటకు 56 కిలోమీటర్ల గుద్దులో డమ్మీ మెడ మీద సాగదీసే బలం ఏ క్షణంలోనూ 3.3 కిలోన్యూటన్లు దాటకూడదు. అంటే మూడు క్వింటాళ్ళకు పైగా బరువు వేలాడదీసినట్టు. అది రెప్పపాటుకే. అదే లాగుడు 35 మిల్లీసెకన్లు నిలిస్తే హద్దు 2.9కి, 60 మిల్లీసెకన్లు నిలిస్తే 1.1కి పడిపోతుంది. మెడకు ఎంత బలం అన్నదానితో పాటు ఎంతసేపు అన్నదీ ముఖ్యమే. వెనక్కి వంచే తిప్పుడు ఆ 57 న్యూటన్ మీటర్లను మించకూడదు.

ఈ 57 ఎక్కడిదంటే, డెట్రాయిట్‌లోని వేన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో మెర్ట్జ్, పాట్రిక్ అనే ఇద్దరు 1971లో వెలువరించిన ఫలితాల నుంచి. పాట్రిక్ ప్రొఫెసరై ఉండి, పట్టాల మీద పరుగెత్తి ఠక్కున ఆగే స్లెడ్ మీద తానే కూర్చుని తన మెడకు తగిలే దెబ్బ కొలిపించుకున్నాడు. బతికున్న మనిషి ఓర్చుకోగలిగినంత దాటాక, చనిపోయినవారి దేహాలతో కొనసాగించారు. ఆ కుటుంబాలు దేహాలు ఇవ్వబట్టే మన దగ్గర ఇప్పుడు ఒక అంకె ఉంది. దాన్ని పుస్తకంలో చూసినప్పుడల్లా నాకు ఆ సంగతి గుర్తొస్తుంది.

అమెరికాలో ఇంకో లెక్క వాడతారు, ఎన్‌ఐజే అని. 1990లలో అక్కడ చిన్న గుద్దులకే ఎయిర్‌బ్యాగు విసురుగా తెరుచుకుని, దానికి దగ్గరగా ఉన్న పిల్లలు, పొట్టి ఆడవాళ్ళు చనిపోయారు. గడ్డం కింద బ్యాగు తగిలి తలను పైకీ వెనక్కీ ఒకేసారి ఎత్తేసింది. సాగదీయడం, వెనక్కి విరవడం రెండూ ఒకేసారి జరిగితే మెడకు అంతకు మించిన ఆపద లేదు. విడివిడిగా చూస్తే రెండూ హద్దులోపలే కనిపిస్తాయి, కలిపి చూస్తే గాని అసలు సంగతి తెలియదు. అందుకని 2000లో తెచ్చిన నిబంధనలో రెండింటినీ కూడారు. సాగదీసే బలాన్ని 6806 న్యూటన్లతో, వెనక్కి వంచే తిప్పుడును 135 న్యూటన్ మీటర్లతో భాగించి, వచ్చినవాటిని కలుపుతారు. మొత్తం 1 దాటకూడదు. బలం 2000, తిప్పుడు 30 అనుకోండి: 0.29, 0.22 కలిపి సుమారు 0.52. ఈ పద్ధతికి ఆధారం, మత్తిచ్చిన పంది పిల్లల ముందూ అదే కొలతల మూడేళ్ళ పిల్ల డమ్మీ ముందూ ఒకేలా బ్యాగులు తెరిచి 1980లలో చేసిన జంట పరీక్షలు.

ఎన్‌ఐజే 1 అంటే మెడ విరిగినట్టూ కాదు, 0.9 అంటే ఏమీ కానట్టూ కాదు. 1 దగ్గర తీవ్రమైన మెడ గాయం అయ్యే అవకాశం 22 శాతమని అమెరికా రహదారి భద్రతా సంస్థ గీసిన గీత చెబుతుంది. పైన చెప్పిన 0.52 దగ్గర దాదాపు 10 శాతం. అదే గీత సున్నా దగ్గర కూడా 3.8 శాతం చూపిస్తుంది. అసలు బలమే పడని మెడకు ప్రమాదమేమిటని అడిగితే జవాబు లేదు, గీత గీసిన తీరు అలాంటిది. అందుకే ల్యాబు నుంచి వచ్చిన అంకెను జాతకంలా చదవొద్దని మా కుర్రాళ్ళకు చెప్పేవాణ్ణి. రెండు సీట్లను పక్కపక్కన పెట్టి ఏది మేలో చెప్పమంటే అంకె బాగా చెబుతుంది. ఫలానా మనిషికి నొప్పి ఉందా లేదా చెప్పమంటే దానికి చేతకాదు.

ఇంకొకటి. ఇక్కడ ‘తీవ్రమైన గాయం’ అంటే ఏఐఎస్ అనే కొలబద్దపై మూడో మెట్టూ ఆ పైనా. పైన చెప్పిన ప్రమాణం పేరు, ఇదీ పలకడానికి ఒకటే గాని సంబంధం లేదు. ఇది గాయం ప్రాణం మీదికి ఎంత తెస్తుందో చెప్పే కొలబద్ద, ఒకటి నుంచి ఆరు దాకా. మెడ ఎముక విరగడం లాంటివి పైమెట్లలో వస్తాయి. మెడ బెణుకు ఒకటో మెట్టు, ఎందుకంటే దానివల్ల ఎవరూ చనిపోరు. కానీ ఒకటో మెట్టు గాయంతో ఏళ్ళ తరబడి బిందె ఎత్తలేని, కుట్టుమిషను ముందు కూర్చోలేని మనుషులున్నారు. ముందు గుద్దు లెక్కలు పట్టేది మెడ విరగడాన్ని. మీ అక్కది ఆ వలలో పడని గాయం.

దాన్ని పట్టడానికి వేరే డమ్మీ కావలసి వచ్చింది. హైబ్రిడ్ త్రీ మెడ కింద ఛాతీ వెన్ను అంతా కదలని ఉక్కు పెట్టె. వెనకనుంచి తోస్తే దాని వీపు పలకలా కదులుతుంది. మన వీపు అలా కాదు. సీటు తోయగానే వీపు వంపు చదునవుతుంది, మెడ అడుగుభాగం పైకి లేస్తూ ముందుకు పోతుంది, తల ఇంకా కదలదు. ఆ క్షణంలో మెడ ఇంగ్లీషు ఎస్ అక్షరంలా అవుతుంది: అడుగున వెనక్కి వంగి, పైన ముందుకు వంగి. ఇదంతా మొదటి 100 మిల్లీసెకన్లలోపే. మీ అక్క ‘అమ్మా’ అనే లోపే అయిపోయింది. తల గుభాలున వెనక్కి పడడం మనకు తెలుస్తుంది గాని, గాయానికి బీజం అంతకు ముందే పడుతుందని చాలామంది పరిశోధకుల అభిప్రాయం. నాదీ అదే.

స్వీడన్‌లో చామర్స్ విశ్వవిద్యాలయం, అక్కడి కార్ల కంపెనీలు కలిసి 1990ల చివర్లో బయోరిడ్ అనే డమ్మీ చేశాయి. వెన్నులో 24 పూసలు, మెడకు 7, వీపుకు 12, నడుముకు 5, ఒక్కొక్కటీ విడిగా కదిలేవి. కండరాలకు బదులు తీగలు. దాన్ని సీట్లో కూర్చోబెట్టడం ఎంత ఓపిక పనో చెప్పలేను, నడుం కోణం కొంచెం అటూ ఇటూ అయితే మొత్తం మళ్ళీ మొదలే. కానీ దాన్ని స్లెడ్ మీద తోసి నెమ్మదిగా నడిచే వీడియోలో చూస్తే ఆ ఎస్ వంపు కళ్ళముందు కనబడుతుంది. మొదటిసారి చూసినప్పుడు నా చేయి నాకు తెలియకుండానే మెడ వెనక్కి పోయింది.

అక్కడివాళ్ళే ఇంకో కొలత కనిపెట్టారు. మెడ అలా ఎస్‌లా మారేటప్పుడు వెన్నుకాలువలో ద్రవం ఒత్తిడి ఒక్కసారి మారి, నరాల ముడులకు దెబ్బ తగులుతుందన్నది 1986 నాటి ఊహ. మత్తిచ్చిన పందుల మీద 1990లలో చేసిన పరీక్షల్లో ఆ ఒత్తిడి కనబడింది. దాని మీద 1996లో ఎన్‌ఐసీ అనే లెక్క వచ్చింది: మెడ అడుగుకూ తలకూ ఉన్న త్వరణాల తేడాను 0.2తో గుణించి, వేగాల తేడా వర్గాన్ని కలపాలి. 15 దాటితే ప్రమాదం. మీటర్లు, సెకన్ల లెక్కలో త్వరణాల తేడా 50, వేగాల తేడా 1.5 అయితే 10, 2.25 కలిసి 12.25. సరే. తల హెడ్‌రెస్ట్‌కు ఆనడం ఆలస్యమై వేగాల తేడా 2.3కు పెరిగితే 15.29. హద్దు దాటింది. బండి అదే, గుద్దు అదే. తలకూ హెడ్‌రెస్ట్‌కూ మధ్య ఎడం ఒక్కటే మారింది.

ఇప్పుడు సర్వేయరు మూడో మాట, అన్నిటికంటే నన్ను కలిచివేసిన మాట: ఆయనకు తగ్గితే ఆవిడకెందుకు తగ్గలేదని. వెనక గుద్దుల్లో ఆడవాళ్ళకు మెడ గాయం మగవాళ్ళ కన్నా ఎక్కువని దేశదేశాల గణాంకాలు దశాబ్దాలుగా చెబుతున్నాయి. తల బరువులో పెద్ద తేడా లేకపోయినా మోసే మెడ సన్నం, కండ తక్కువ. 78 కిలోల మగవాడి వీపుకు సరిగ్గా లొంగేలా చేసిన సీటు 55 కిలోల ఆడమనిషికి అంతగా లొంగదు, ముందుకు విసిరేస్తుంది. మనవాళ్ళు కూర్చోబెట్టే హైబ్రిడ్ త్రీ కొలతలైనా, బయోరిడ్ కొలతలైనా సగటు మగవాడివే. ముందు గుద్దులకు వాడే చిన్న ఆడ డమ్మీ ఉంది గాని, అది మగ డమ్మీని కుదించి చేసినదే. వెనక గుద్దు కోసం సగటు ఆడమనిషి కొలతలతో, 162 సెంటీమీటర్లు, 62 కిలోలతో డమ్మీ వచ్చింది 2022లో, స్వీడన్‌లో ఆస్ట్రిడ్ లిండర్ బృందం నుంచి. మగ డమ్మీలు పుట్టి అప్పటికే అర్ధశతాబ్దం దాటింది. నా పంతొమ్మిదేళ్ళలో మీ అక్క కొలతల మెడను వెనక గుద్దుకు కొలిచే అవకాశం నాకు ఒక్కసారి కూడా రాలేదు. ఇది ఆ పనిలో ఉన్నవాడిగా నేను మోస్తున్న బాధ.

పైగా ఆవిడ తల వెనక్కి తిప్పి ఉంది. డమ్మీలన్నీ నేరుగా ముందుకు చూస్తూ, వీపు సీటుకు ఆనించి కూర్చుంటాయి. మెడ పక్కకు తిరిగి ఉన్నప్పుడు ఒక వైపు కీళ్ళ చుట్టూ ఉండే పొర ముందే బిగుసుకుని ఉంటుంది, ఆ మీద దెబ్బ పడితే ఇంకా సాగుతుంది. అలా తిరిగినప్పుడు తల హెడ్‌రెస్ట్‌కు చాలా దూరంగా ఉంటుంది కూడా. ఇద్దరూ ఒకే కారులో ఉన్నారన్న మాట నిజమే, ఒకే గుద్దు తిన్నారన్న మాట మాత్రం నిజం కాదు.

ఇప్పుడేం చేయాలి? నేను డాక్టర్ని కాను. అయినా ఇంత కాలం ఈ గాయాల గురించి చదివినవాడిగా చెబుతున్నాను: చేతుల్లో తిమ్మిరి, పట్టు జారడం, నడకలో తూలడం, మూత్రం పట్టు తప్పడం లాంటివి ఉంటే ఈ రోజే కొరాపుట్ మెడికల్ కాలేజీకి గాని బరంపురం ఎంకేసీజీకి గాని తీసుకెళ్ళండి. అవేవీ లేకపోయినా ఎముకల డాక్టరు చూసి, ఎప్పుడు మొదలైందీ, ఎలా మొదలైందీ కాగితం మీద రాయాలి. ఎంఆర్ఐ మామూలుగా వచ్చినా నొప్పి లేదని అర్థం కాదు, మెడ బెణుకులో అలా రావడం చాలా సాధారణం. మెడపట్టీ వేసుకుని నెలల తరబడి కదలకుండా ఉండమని ఎవరైనా చెబితే ఇంకో డాక్టరును అడగండి. విరుగుళ్ళు లేవని తేలాక నెమ్మదిగా కదిలించడమే మంచిదని ఇప్పటి వైద్యం చెబుతోంది.

సర్వేయరు వచ్చింది మీ బండి నష్టం లెక్క కట్టడానికి. మీ అక్క మెడ గురించి తీర్పు చెప్పడం అతని పని కాదు. గాయం పరిహారం అడగాల్సింది పికప్ థర్డ్ పార్టీ ఇన్సూరెన్సును, మోటారు ప్రమాదాల క్లెయిముల ట్రిబ్యునల్ ద్వారా. చట్టంలో ప్రమాదం జరిగిన నాటి నుంచి ఆరు నెలల గడువు పెట్టారు, మీకు రెండు నెలలు అప్పుడే అయిపోయాయి. ఈ వారంలోనే వకీలును కలవండి. పోలీసు స్టేషన్లో రాయించిన కాగితం, డాక్టరు కాగితాలు, ఆ రోజు తీసిన ఫొటోలు అన్నీ పట్టుకెళ్ళండి.

ఇంకొకటి ఇంట్లోనే చేయవచ్చు. ఇప్పుడే ఆ సీటు కోణాన్నీ, హెడ్‌రెస్ట్‌నూ కదపకండి. ప్రమాదం తర్వాత ఎవరూ జరపకుండా ఉంటే, మీ అక్కను మామూలుగా కూర్చోబెట్టి పక్కనుంచి ఫొటో తీయండి, తల వెనక నుంచి హెడ్‌రెస్ట్‌కు ఎడం టేపుతో కొలవండి. 7 సెంటీమీటర్లలోపు ఉంటే మంచిదని, హెడ్‌రెస్ట్ పై అంచు నడినెత్తి కన్నా 6 సెంటీమీటర్లకు మించి కింద ఉండకూడదని సీట్లకు మార్కులిచ్చేవారి లెక్క. ఫొటో అయ్యాక దాన్ని పైకి జరిపి, తలకూ దానికీ మధ్య నాలుగు వేళ్ళు పట్టేంత ఎడమే ఉండేలా సీటు వీపును నిలువుగా చేయండి. పలాసలో రైలు దిగి పర్లాకిమిడికి ట్యాక్సీలో వెళ్ళినప్పుడల్లా చూస్తుంటాను, హెడ్‌రెస్ట్‌లు అట్టడుగుకు నొక్కేసి ఉంటాయి, వాటి మీద దళసరి కవర్లు, కొన్ని బండ్లలో అసలు పీకేసి డిక్కీలో పడేసి ఉంటాయి. నేను ఎక్కగానే ముందు దాన్ని పైకి లాగి, ‘టక్’మని పడిందో లేదో చూశాకే బెల్టు పెట్టుకుంటాను. మెడ వెనక పెట్టుకునే మెత్తటి దిండ్లు కూడా తీసేయించండి, అవి తలను హెడ్‌రెస్ట్‌కు ఇంకా దూరం చేస్తాయి.

కొలిచిన ఎడం ఎన్ని సెంటీమీటర్లో, మీ కారు హెడ్‌రెస్ట్ పైకి జరిగేదా, సీటుతో కలిసిపోయినదా ఇక్కడే రాయండి. జరగని రకమైతే మీ అక్క ఎత్తుకు అది సరిపోతుందో లేదో లెక్క చూసి చెబుతాను.